శుభం కార్డు లేని సినిమా

పరదాలు కుట్టే ఆవిడకి లోకంతో ఉన్న తగాదా ఒక్కటే. ‘రేవు దాటిన రాగం’ అనే సినిమాని లోకం సరిగ్గా చూడలేదు. మిగతా విషయాల్లో ఆమె సర్దుకుపోయే మనిషే. తామే తప్పుడు కొలతలిచ్చి, పరదా పొట్టిదైందని పోట్లాటకొచ్చిన వాళ్లకి కూడా కింద ఇంకో పట్టీ అతికి, మొహం మాడ్చుకోకుండా ఇచ్చి పంపేది. కానీ ఆ సినిమాని ఎవరైనా ఒక్క మాటన్నారా, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టేది. సూదులు తీసిందంటే యుద్ధం మొదలైనట్టే.

అవతలి పక్షం ఎప్పుడూ ఆడపడుచే. వీధి చివర ఇల్లు. ఆ సినిమాని ఎప్పుడో వేరే ఊళ్లో చూసింది. ఇద్దరూ ఒకరినొకరు ‘వదినా’ అనే పిలుచుకుంటారు, తిట్టుకునేటప్పుడు కూడా.

“పాటల్ని నేనేమైనా అన్నానా వదినా? ఆ చివర చూశాకే నాకు ఒళ్లు మండింది. అంత ప్రేమ ఒలకబోసినవాడు చేసే పనేనా అది?”

“పడవెక్కడం కూడా తప్పేనా?”

“ఎక్కడమే తప్పు! ఎక్కకుండా గట్టునే చచ్చుంటే గొడవ లేకపోను.”

“నీకు రాయో రప్పో ఉండాలి గుండె ఉండే చోట. పడవ కదిలిపోతుంటే ఆ గడియారాలు బాగుచేసేవాడు పరిగెత్తుకొచ్చి దూకుతాడు. టికెట్లమ్మాయి చెయ్యి పట్టుకుంటాడు. ఇద్దరూ పాడుకుంటూ మంచులో కలిసిపోతారు. శుభం కార్డు కూడా వేయలేదు చూడు! ప్రేమకి ముగింపు లేదని చెప్పడానికే వేయలేదు. ఆ పాటి ఆలోచన ఇంకే డైరెక్టరుకైనా వచ్చిందా?”

“వేసినట్టే గుర్తు నాకు...”

సరిగ్గా ఇలాంటి చోట పక్కగదిలోంచి ఒక గొంతు వినిపించేది. “మీ గొడవ తర్వాత, ఎవరైనా ఓ కప్పు టీ ఇస్తారా నాకు?”

ఆ గొంతు ఆమె భర్తది. ఒకప్పుడు సినిమాహాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు. హాలు మూసేశాక మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసుకుంటున్నా అందరికీ ఇంకా ఆపరేటరే. టీ అడిగితే ఆడవాళ్లిద్దరూ లేచేవాళ్లు, వాదన స్టవ్వు మీదికి ఎక్కి ఆవిరైపోయేది. ఏళ్లతరబడి ఆ సినిమా గురించి వాళ్ల ఇంట్లో కాగిన టీకి లెక్కలేదు.

సినిమా ఆమె చూసింది పెళ్లికి ముందు. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో, మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి మ్యాట్నీకి వెళ్లింది. అన్ని ఊళ్లూ తిరిగి, అన్నిచోట్లా తిట్లు తిని, ఇక పోయేదేం లేదన్న ధీమాతో ఆ హాలుకి చేరిన సినిమా అది. పేరు చూసి సంగీతం నేర్పుతారనుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారట. హాల్లో ఫ్యాన్ల కింద నిద్రపోయేవాళ్లు తప్ప చూసేవాళ్లు లేరు. ఆమె మాత్రం కుర్చీ అంచుకి జరిగి కూచుంది. రేవులో టికెట్లమ్మే అమ్మాయి, వారానికోసారి గడియారాల పెట్టెతో పడవెక్కే అతను, వాళ్లిద్దరి మధ్యా ఒక చిన్న కిటికీ. అతను ఆ కన్నంలోంచి పాటలో ఒక చరణం పాడితే, ఆమె చిల్లరతో పాటు రెండో చరణం ఇచ్చేది. వెనక క్యూలో ఉన్నవాళ్లు కోరస్. వినడానికి వెర్రిగా ఉంటుంది. చూస్తే ఉండదు. అదే ఆమె వాదన.

రెండోరోజు మళ్లీ వెళ్లింది. ఆట అయ్యాక ఇనప మెట్లెక్కి, ప్రొజెక్టరు గది తలుపు కొట్టి, మసి చేతులతో నిలబడ్డ కుర్రాడితో, “ముగింపు ఎంత బాగుందండీ!” అంది. అతను ఆమెనీ, మూతలేసిన రీళ్ల డబ్బాలనీ మార్చి మార్చి చూసి, “అవునండీ” అన్నాడు.

లోకంలో ఇంకొకరికి కూడా ఆ సినిమా నచ్చిందన్న సంతోషంతోనే ఆమె అతన్ని చేసుకుంది. వేరే కారణాలు తర్వాత వెతుక్కుంది, కొన్ని దొరికాయి కూడా.

ఆ వారం తర్వాత సినిమా ఎక్కడా లేదు. నెగెటివు పోయిందన్నారు. ఒకసారి టీవీలో వేశారుగానీ, పడవ పాట మధ్యలో ఇంట్లో కరెంటు పోయింది. చాన్నాళ్లకి ఆడపడుచు ఎక్కడో క్యాసెట్టు సంపాదించి తెస్తే ప్లేయరు దాని చివరి భాగాన్ని నమిలేసింది. “వెధవ మిషను” అని ఆపరేటరు దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఆమే సర్ది చెప్పాల్సొచ్చింది.

ఇన్నేళ్లకి ఎవరో ఏ గోడౌన్లోనో మంచి ప్రింటు పట్టుకుని, దుమ్ము దులిపి, శుభ్రం చేసి బయటపెట్టారు. అంతే, నిన్నటిదాకా తిట్టినవాళ్లే ‘మనం గుర్తించని ఆణిముత్యం’ అని రాయడం మొదలుపెట్టారు. వీధి లైబ్రరీలో నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం సినిమా వేస్తారు. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి పరదాలావిడ దుకాణానికే వచ్చి చెప్పింది.

“ఆంటీ, ఈసారి మీ సినిమానే. మొదట్లో మీరు నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఆ హాలు కిటికీలకి నల్ల పరదాలు కూడా కావాలి, వెలుతురు ఒకటే పడుతోంది.”

‘మీ సినిమా’ అన్న మాటకి ఆమె పరదాలు ఊరికే కుట్టి ఇస్తానంది. రెండు పొరల నల్లగుడ్డ, ఎక్కడా సూదిమొనంత వెలుతురు దూరకుండా, అంచులు మడిచి బరువుకి గొలుసు కుట్టి మరీ చేసింది.

ఆపరేటరు మాత్రం వార్త విన్న దగ్గర్నుంచీ అదోలా అయ్యాడు. మర్నాడే లైబ్రరీకి వెళ్లాడు.

“మిషను నేను నడుపుతానమ్మా. చేతికి అలవాటైన పని.”

“మిషనేం లేదంకుల్, ల్యాప్‌టాప్. ఒక్క బటన్ నొక్కితే చాలు, మొత్తం అదే ఆడేస్తుంది.”

“మొత్తమా?” అన్నాడాయన.

ఆదివారం పొద్దున్నకి ఆయనకి మోకాలి నొప్పొచ్చింది. “నువ్వెళ్లు. నేను చూసిందేగా” అన్నాడు. ఆమె పక్కన కుర్చీ ఖాళీగా ఉండటం ఎందుకని ఆడపడుచు వచ్చి కూచుంది.

ఆమె మాట్లాడింది. నాలుగు ముక్కలు కాస్తా నలభై అయ్యాయి. ఇన్నేళ్ల కసి మరి. “ఈ సినిమా చివర బాగాలేదని అనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరు నా చుట్టాలే” అంటే హాలు నవ్వింది, ఆడపడుచు మోచేత్తో గాల్లోనే పొడిచింది. “చివరిదాకా చూడండి. చివర నచ్చలేదంటే మనసుతో చూడలేదనే అర్థం” అని ముగించి, తనే వెళ్లి ఆఖరి పరదా లాగేసింది. హాలు చీకటి గుహయింది. ఆమెకి తన పనితనం మీద చాలా గర్వమేసింది.

సినిమా మొదలైంది. ప్రతి పాటా ఆమె పెదాల మీద ఒక క్షణం ముందే ఉంది. వెనక వరసలో కుర్రాళ్లు మొదట కిసుక్కుమన్నారు, క్యూ కోరస్ దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు కొట్టారు. ఆమెకి కళ్లు చెమర్చాయి. పడవ కదిలింది. అతను పరిగెత్తాడు, దూకాడు. చెయ్యి పట్టుకున్నాడు. పాట పైకి లేచింది. పడవ మంచులోకి వెళ్లింది, పాట సన్నబడింది, తెర తెల్లగా అయింది.

ఆమె చప్పట్లు కొట్టడానికి చేతులెత్తింది.

మంచు విడిపోయింది.

అవతలి గట్టు కనబడింది. గట్టు మీద ఒక ఆడమనిషి, చంకలో పిల్ల. ఆ పిల్ల పడవకేసి చెయ్యి ఊపుతోంది. గడియారాలవాడు తిరిగి ఊపలేదు, నీళ్లవైపు చూశాడు. టికెట్లమ్మాయి అతన్నీ, గట్టునీ చూసింది. ఒక్క మాట అడగలేదు. అతను దిగాడు. ఆమె దిగలేదు.

“ఏంటిది?” అంది పరదాలావిడ.

“ఏంటంటావేంటి వదినా, సినిమా” అంది ఆడపడుచు గుసగుసగా.

తిరుగు పడవలో ఆ అమ్మాయి ఒక్కతే. పాట లేదు. నీటి చప్పుడే. మర్నాడు కిటికీ వెనక మళ్లీ కూచుంది. తర్వాత అతనొచ్చాడు, గడియారాల పెట్టెతో, క్యూలో. కన్నం దగ్గర తలొంచి చరణం ఎత్తుకున్నాడు. ఆమె టికెట్టు చింపి చేతిలో పెట్టి, అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ అంది: “తర్వాత ఎవరండీ?” క్యూ జరిగింది. ఎవరూ కోరస్ అందుకోలేదు.

అప్పుడు పడింది తెర మీద. పెద్ద అక్షరాలతో, తామరపువ్వు బొమ్మతో సహా. శుభం.

చీకట్లో ఆమెకి ముందుగా గుర్తొచ్చింది ఫ్యూజు. టీవీలో ఆ సినిమా వచ్చిన రోజు కరెంటు పోయేముందు ఆయన మంచినీళ్లకని లేచాడు. ఎదురింట్లో లైటు వెలుగుతూనే ఉంది. క్యాసెట్టు నమిలిన మిషను ఆ ముందురోజూ, ఆ తర్వాతిరోజూ ఏ క్యాసెట్టునీ నమల్లేదు. ఇక టీ. ఎన్ని టీలు! ఒక్కో కప్పూ వచ్చి ఆమె కళ్లముందు వరసగా కూచుంది. ఇనప మెట్లు, మసి చేతులు, మూతలేసిన డబ్బాలకేసి చూసిన ఆ చూపు. ఆ చూపుని ఆమె సిగ్గనుకుంది. ఆ సిగ్గు చూసే ముచ్చటపడింది.

లైట్లు వేశారు. జనం కళ్లు తుడుచుకుంటున్నారు. “ఆంటీ, చివరిదాకా చూడమన్నారు. మీరు చెప్పింది నిజం” అంది లైబ్రేరియన్. “ఆ ముగింపు గురించి ఒక్క మాట చెప్పండి.”

అందరూ ఆమెకేసి తిరిగారు. ఆమె లేచి నిలబడింది.

“ఈ ముగింపు నేను ఇవాళే చూశాను” అంది.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఎంత లోతైన మాట అన్నారెవరో. ఆడపడుచు ఒక్కతే చప్పట్లు కొట్టకుండా నోరు తెరుచుకుని చూసింది.

వీధిలోకొచ్చాక చెయ్యి పట్టుకుని ఆపింది. “వదినా, నిజంగానా?”

“నిజంగానే. మీ అన్నయ్య ఆఖరి రీలు వేయలేదు. నాకెప్పుడూ వేయలేదు.”

ఆడపడుచు నవ్వింది. వీధి గోడకి ఆనుకుని మరీ నవ్వింది. తర్వాత వదిన మొహం చూసి, నవ్వుని కొంగులో కుక్కుకుంది.

“మా అన్నయ్య చిన్నప్పట్నుంచీ అంతే వదినా. నా కుక్కపిల్ల చచ్చిపోతే మావయ్య వాళ్లింటికి పంపామని చెప్పాడు. పెళ్లీడొచ్చేదాకా మావయ్య కనిపించినప్పుడల్లా కుక్క ఎలా ఉందని అడిగేదాన్ని.”

“ఆయనేమనేవాడు?”

“బొద్దుగా ఉందనేవాడు. అన్నయ్య ఆయన్ని కూడా కలుపుకున్నాడు.”

“నిన్ను నేను ఎన్నేసి మాటలన్నానో వదినా. గుండె ఉండే చోట రాయి ఉందన్నాను.”

“రాయో రప్పో అన్నావు” అని సరిచేసింది ఆడపడుచు. “పోనీలే, ఇంటికెళ్లి వాణ్ణి కడిగెయ్. నేనూ రానా?”

“వద్దు” అంది. ఈ ఒక్క సంగతీ ఆమె ఒక్కతే చూడాలనుకుంది, మొదట్నుంచి చివరిదాకా.

ఆపరేటరు వంటింటి బల్ల మీద ఎవరిదో మిక్సీ విప్పుకుని కూచున్నాడు. తలెత్తలేదు.

“అయిపోయిందా?”

“ఇవాళ అయిపోయింది. మొత్తం.”

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

“మోకాలెలా ఉంది?” అంది ఆమె.

“పర్లేదు.”

“ఎన్నేళ్ల నొప్పండీ అది?”

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

“మొదటిరోజు ఆకలేసింది” అన్నాడు చివరికి. “హాల్లో అందరూ గుర్రుపెడుతున్నారు. ఎవరు చూడొచ్చారులే అని ఆఖరి రీలు ఎక్కించకుండా అన్నానికి వెళ్లిపోయాను. ఒకరు మేలుకుని ఉన్నారని నాకేం తెలుసు?”

“రెండోరోజు?”

“రెండోరోజు కూడా అదే పని చేశాను. ఆటయ్యాక నువ్వు మెట్లెక్కి వచ్చి చివర బాగుందన్నావు. ఆ గదికి ఎవరు మెట్లెక్కి వస్తారే? బొమ్మ మసకగా ఉందనీ, సౌండు లేదనీ తిట్టడానికే వచ్చేవాళ్లు. మొదటిసారి ఒక మనిషి బాగుందనడానికి వచ్చింది. దాన్నెలా చెడగొట్టను? తర్వాత చెబుదామనుకున్నా. తర్వాత పెళ్లయింది. తర్వాత... నువ్వా శుభం కార్డు గురించి అందరికీ చెబుతుంటే ఇంకెక్కడ చెప్పను?”

“మీ చెల్లెలు నిజం చెబుతోంది. నేను దానికి మనసు లేదంటున్నాను. మీరు పక్కగదిలో కూచుని టీ అడిగారు.”

“గొడవ ముదరకూడదనీ...”

“ఇవాళ హాలు నిండా జనం ముందు నిలబడి, చివర నచ్చకపోతే మనసు లేనట్టే అని చెప్పొచ్చాను. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి చీర బాగుందన్నారు. ఆ మాట బదులు ఈ మాట చెప్పకూడదూ?”

ఆయన మిక్సీ బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు.

“నాకంటూ లోకంలో ఒక అభిప్రాయం ఉందనుకున్నానండీ. ఒకే ఒక్కటి. తీరా చూస్తే అది ఆ మధ్యాహ్నం మీకేసిన ఆకలి.”

“చూస్తే బాధపడతావని దాచానే. నీకు నచ్చిందిగా, అది చాల్లే అనుకున్నా.”

“నాకు నచ్చేదేంటో మీరెలా తేల్చారు?” ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని ఆయన మొహం బతిమాలింది. “అసలుదే ఎక్కువ నచ్చింది నాకు. ఆ టికెట్లమ్మాయి ‘తర్వాత ఎవరండీ’ అంది చూశారూ, అంత బాగా ఇంకెవరూ అనలేరు. ఏడ్చాను కూడా. ఏడిస్తే ఏమైపోతాను? మూతేసి దాచిపెట్టాల్సినంత బలహీనురాలిలా కనబడ్డానా మీకు, అన్నేళ్లూ?”

ఆపరేటరు ఇన్నాళ్లూ ఆమె కోపానికి భయపడ్డాడు, ఏడుపుకి భయపడ్డాడు. దాచినదే ఆమెకి నచ్చుతుందన్న ఊహ ఆయనకి ఎన్నడూ తట్టలేదు. మిక్సీ బ్లేడుని పట్టుకుని అలాగే కూచున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేం జరగలేదు, అదే పెద్ద గొడవ. ఆమె అడక్కుండానే ఆయన కుట్టుమిషనుకి నూనె వేశాడు. “థాంక్సండీ” అంది, దుకాణానికొచ్చిన వాళ్లతో అన్నట్టు. దారపు ఉండలు రంగులవారీగా సర్దాడు. దానికీ థాంక్సే. ఆడపడుచొచ్చి కూచుంటే ఇద్దరూ ఆ సినిమా గురించే మాట్లాడుకున్నారు, ఈసారి ఒకే సినిమా గురించి. పక్కగదిలోంచి ఎవరూ టీ అడగలేదు.

ఆపరేటరుకి ఒక సీరియల్ పిచ్చి ఉంది. ఒక లాడ్జిలో యజమాని హత్య. ఎవరు చంపారో తేల్చకుండా నెలల తరబడి లాగుతున్నారు. వంటవాడే అని ఆయన అనుమానం. భోజనం దగ్గర సాక్ష్యాలతో సహా ఆమెకి చెప్పేవాడు. ఆ గురువారం సాయంత్రం ఆఖరి భాగం. ఆయన ముందే కుర్చీ జరుపుకుని, కళ్లద్దాలు తుడుచుకుని కూచున్నాడు. డిటెక్టివు అందర్నీ హాల్లో నిలబెట్టి, ఇటు నడిచి, అటు నడిచి, ఆగి, చెయ్యెత్తి, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. అతనెవరో కాదు...” అన్నాడు.

కరెంటు పోయింది.

ఎదురింట్లో లైటు వెలుగుతూనే ఉంది. పక్కింటి టీవీలోంచి డిటెక్టివు గొంతు, మాటలు అర్థం కానంత సన్నగా, వినబడుతూనే ఉంది. మీటరు బోర్డు దగ్గర ఆమె ఫ్యూజు పీకి చేతిసంచిలో వేసుకుంది, చెప్పులేసుకుంది, తలుపు దగ్గరగా వేసి వీధి చివరికి నడిచింది. ఆఖరి భాగంలో మిగిలిన ముక్క ఆడపడుచు పక్కన కూచుని చూసింది. సంచి ఒళ్లోనే ఉంది.

“అన్నయ్య చూడట్లేదా? అంత పిచ్చి కదా వాడికి?” అంది ఆడపడుచు.

“చూస్తే బాధపడతారు” అంది ఆమె.

తిరిగి వచ్చేసరికి ఇల్లు చీకటిగానే ఉంది. తీగముక్క ఒకటి చుట్టి లైటు వెలిగించుకోవడం ఆయనకి చిటికెలో పని. వెలిగించుకోలేదు. టీవీ ఎదుట అదే కుర్చీలో, అలాగే కూచుని ఉన్నాడు.

“ఎవరు చంపారు?” అన్నాడు చీకట్లోంచి.

“ఎవరూ చంపలేదండీ. చివర్లో అందరూ పడవెక్కి పాట పాడారు.”

ఆయన నవ్వాడు. హమ్మయ్య అన్నట్టు, గట్టిగా, కొంచెంసేపు ఒక్కడే నవ్వి, ఆ నవ్వులో ఇంకో నవ్వు వచ్చి కలవకపోయేసరికి మెల్లగా ఆపేశాడు. ఆమె ఫ్యూజు తీసి ఆయన చేతికి అందేలా బల్ల మీద పెట్టింది. కిటికీ పరదా పక్కకి లాగి, వీధి దీపం వెలుగులో, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎవరిదో పరదాకి అంచు మడుస్తూ కూచుంది.